పిగిలిపిట్ట ఇంటి కబుర్లు

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. ఎవరింటి కబురు చెవినపడ్డా, మంచిదైతే "ఆహా" అనాలి, చెడ్డదైతే "అయ్యో" అనాలి. అనేసి ఎవరి తిండి వేటకి వాళ్లు పోవచ్చు.

పిగిలిపిట్టకి ఆ ఆహాలంటే ప్రాణం. గుడ్డు పెట్టినా, పిల్ల కళ్లు తెరిచినా, తోటకి చిలకచేత, చెరువుకి కప్పచేత చాటించేది.

పక్క కొమ్మ మీది పిచ్చుక ఉండబట్టలేక, "గూటి మాట గూట్లోనే ఉంచుకో వదినా" అంది.

"నాకొచ్చే ఆహాలు చూసి ఓర్వలేకపోతున్నావులే!" అని పిగిలిపిట్ట ముక్కు తిప్పుకుంది.

ఒకనాడు, "పిల్లల్ని పడుకోబెట్టి ఏటి అవతలికి రేగుపళ్లకి పోతున్నా" అని చాటించింది. అడవంతా ఆహా అంది. తిరిగొచ్చేసరికి గూట్లో నూగు ఈకలు తప్ప ఏమీ లేవు.

పిచ్చుక ఎగురుకుంటూ వచ్చి, తిండి వేట మానుకుని పక్కన కూర్చుంది. పిగిలిపిట్ట దానివైపు చూడనైనా లేదు. ఏడుస్తూనే చిలకని పిలిచి ఆ కబురూ చాటించింది. అది తిరిగి రాగానే, "ఎవరెవరు అయ్యో అన్నారు?" అని ఆత్రంగా అడిగింది.

"అందరూ అన్నారమ్మా," అంది చిలక. "అందరికంటే ముందు పుట్టలో జెర్రిపోతు అంది. కడుపు బరువుతో కదల్లేకపోయినా, పాపం, తలెత్తి మరీ అంది."