ఇరవై ఆరు డిగ్రీలు

"మెకానిక్‌ను పిలవమంటే వినరు కదా, అల్లుడుగారూ" అంది మల్‌సూన్, గరిటె చేత్తోనే వంటగదిలోంచి వచ్చి. "మూడింటికి బాలింతా పసిగుడ్డూ ఇంటికొస్తున్నారు. బయట చూస్తే మైనస్ పన్నెండు. మీరేమో తీగలతో ఆడుకుంటున్నారు."

"అయిపోయిందత్తయ్యా" అన్నాడు గీహ్వాన్.

అప్పుడే కింద మెట్ల పక్కనున్న బాయిలర్ గది నుంచి వచ్చాడు. కరెంటు ఆపి, మూత విప్పి, కొత్త స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టెను బాయిలర్ కరెంటు తీగలకు కలిపాడు. మూడుసార్లు సరిచూసుకున్నాకే స్విచ్ వేశాడు. పైకొచ్చి, గోడకున్న పాత మీటల పెట్టె పీకేసి కొత్త తెర బిగించాడు. ఈ ఇంట్లోకి మారి పది రోజులే అయినా, పనంతా సొంతంగా చేశానని లోలోపల పొంగిపోతున్నాడు.

ఫోనులో ఇరవై ఆరు నొక్కాడు. 'బాయిలర్ మండుతోంది' అని చూపించింది.

అరగంటైనా, అడుగున వేడినీళ్ళ గొట్టాలు పరిచిన నేల వేడెక్కలేదు. గంటైంది. అరచెయ్యి ఆనిస్తే జివ్వుమంటోంది. తెర మీద పదిహేను కాస్తా పదమూడైంది.

"చల్లటి నేల మీద బాలింత కాలు పెడితే, ముసలితనం దాకా కీళ్ళనొప్పులే. తెలుసా?"

"తెలుసత్తయ్యా."

"మీ ఫోనుకు తెలుసా?"

గీహ్వాన్ కిందికి పరిగెత్తాడు. బాయిలర్‌లో మంట భేషుగ్గా ఉంది. గొట్టం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. మళ్ళీ పైకొచ్చి చూస్తే నేల మంచుగడ్డలాగే ఉంది.

"మండుతోందత్తయ్యా. మరి వేడంతా ఎటు పోతోంది?"

"నన్నడిగితే? కలిపింది మీరు."

ఇద్దరు మెకానిక్‌లకు ఫోన్ చేశాడు. రేపటిదాకా రాలేమన్నారు. కాలుకాలిన పిల్లిలా గదులన్నీ తిరిగాడు. తొలిసారి కూతురు ఇంటికొస్తుంటే, తన గొప్పకు పోయి ఇల్లంతా చలిపాలు చేశాడు. అత్తగారు చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు.

మూడు దాటింది. పావుగంట గడిచింది. భార్య ఉన్‌జే ఫోన్ ఎత్తడం లేదు. ఇక ఆగలేక కిందికి దిగాడు.

కింది వాటాలో ఒంటరిగా ఉండే బోంగ్నే మామ్మ గుమ్మంలో ఉన్‌జే చెప్పులున్నాయి. లోపల ఉన్‌జే నేల మీద పరుపు వేసుకుని హాయిగా పడుకుని ఉంది. పక్కన పాప నిద్రపోతోంది.

"మెట్లెక్కబోతుంటే మామ్మే లోపలికి లాక్కొచ్చారండీ" అంది ఉన్‌జే గుసగుసగా. "ఎంత వెచ్చగా ఉందో చూడండి."

మామ్మ చొక్కా చేతులు పైకి మడుచుకుని, విసనకర్రతో విసురుకుంటోంది.

"అదే నాకూ అర్థం కావట్లేదు బాబూ" అంది. "ఈ చలికాలం నేనసలు బాయిలర్ ముట్టించనేలేదు. మీ బాయిలర్ పక్కనే ఊరికే పడున్న నాది, ఒంటిగంట నుంచీ దానంతటదే మండుతోంది, ఆపితే ఆగదు."