ఏడు సెంట్ల జాగా

వేంపల్లెలో దస్తావేజులు రాసే దేవేంద్రప్ప దగ్గరికి ఒకే జాగా కోసం రెండు పక్షాల వాళ్లూ ఒకేసారి రావడం అదే మొదలు. మామూలుగా ఒకరు ముందు వాకిట్లోంచి వెళ్లాక రెండోవాళ్లు దొడ్డిదారిన వస్తారు.

భూపేష్, సుప్రజ బెంచీకి చెరో కొసన కూర్చున్నారు. ఇద్దరి ఇళ్లూ ఒకే వీధిలో. ఇంటిపేరు ఒకటే. అన్నదమ్ముల సంతానమని ఊరంతటికీ తెలుసు. రెండిళ్ల మధ్య ఏడు సెంట్ల ఖాళీ జాగా ఉంది. అది మాదంటే మాదని మూడు తరాలుగా కొట్లాట. మొన్న భూపేష్ నాయన గోడ కడతానని రాళ్లు దించితే, సుప్రజ నాయన ఆ రాళ్ల మీదే కూర్చుని రెండు పూటలా భోంచేశాడు. చివరికి పెద్దమనుషులు ఒక మాట తేల్చారు. మొట్టమొదటి దస్తావేజు ఎవరి పక్షం చెబితే జాగా వాళ్లది, రెండోవాళ్లు నోరెత్తకూడదు. ఆ కాగితం వెతికే పని తమకు వదిలేయమని ఈ ఇద్దరూ ముందుకొచ్చారు.

దేవేంద్రప్పకు హుషారుగా ఉంది. దాయాదుల పోరుంటేనే లేఖరి ఇంట్లో పొయ్యి మండేది.

వాళ్లు తెచ్చిన వాటిలో అన్నిటికంటే పాతది 1974 నాటి పంపకాల కాగితం. రాసింది దేవేంద్రప్ప నాయనే. అందులో సుప్రజ ఇంటికి రాసిన హద్దులు దేవేంద్రప్ప పైకి చదివాడు. పడమర ఖాళీ జాగా, ఆపైన మా దాయాది ఇల్లు. జాగా ఎవరిదో మాత్రం రాయలేదు.

వినగానే ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. ఈ కాలం పిల్లల్లో ఇంత పంతం చూడలేదనుకున్నాడు దేవేంద్రప్ప.

"అంతకు ముందుది యాడన్నా దొరుకుతాదా?" అని సుప్రజ అడిగింది.

"కడపలో పాత పుస్తకాలుండాయి. నకలుకు అర్జీ పెడదాం. శానా వెనక్కి పోవాల పాపా."

ఎంత వెనక్కైనా పోదామన్నాడు భూపేష్.

పది రోజులు ఇద్దరూ తిరుగుతూనే ఉన్నారు. ఒకరు వచ్చిన రోజే రెండోవాళ్లూ వచ్చేవాళ్లు. ఒకరి మీద ఒకరికి ఎంత అనుమానమో అని దేవేంద్రప్ప నవ్వుకున్నాడు. ఒక్కటి మాత్రం ఆయనకు నచ్చలేదు. ఆ పిల్ల భూపేష్‌ను 'ఇదో', 'ఇట్ల చూడు' అనేదే గానీ వరస పెట్టి పిలిచేది కాదు. తగాదా తగాదాయే, వరస వరసే, అన్నా అంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా అని ఒకరోజు మందలించాడు. సుప్రజ తల వంచుకుంది. భూపేష్ లేచి బయటికి వెళ్లిపోయాడు. పగంటే ఇదీ అనుకున్నాడాయన.

పదకొండో రోజు నకలు వచ్చింది. 1911 నాటిది. రాయించింది రెండిళ్లకూ మూలపురుషుడు, పెద్దన్న అనే ఆయన. దేవేంద్రప్ప ముందు తనలో తాను చదువుకున్నాడు. ఆయనకు నిజంగానే బాధేసింది.

"పాపా, ధైర్యంగా ఉండల్ల. ఈ జాగా మీది కాదు," అని, పైకి చదివాడు.

"మగ సంతానము లేనందున యిల్లరికము తెచ్చుకొన్న నా అల్లుడు, చాగలమర్రి తిమ్మయ్యను కొడుకువలె చూచుకొంటిని. లేక లేక యిప్పుడు నాకు కుమారుడు కలిగినందున, నా కుమార్తె ఓబులమ్మకు పసుపు కుంకుమల కింద పడమటి యింటిని, దానికి చేరిన యేడు సెంట్ల జాగాను దఖలు పరచినాను."

ఇల్లరికపు అల్లుణ్ని జనం అత్తగారింటి పేరుతోనే పిలిచారు. రెండు తరాలు గడిచేసరికి అతణ్నీ పెద్దన్న కొడుకుల్లో కలిపేశారు. దేవేంద్రప్ప నాయన కూడా జనం చెప్పిందే రాశాడు. భూపేష్ ఆ ఓబులమ్మకు మునిమనవడు. సుప్రజ ఆమె తమ్ముడికి మునిమనవరాలు. జాగా మొత్తం భూపేష్ వాళ్లదే, సుప్రజ వాళ్లకు జానెడు కూడా రాదు.

ఆ పిల్ల ఏడుస్తుందని ఆయన మంచినీళ్లు దగ్గర పెట్టుకున్నాడు.

ఏడ్చింది నిజమే. కానీ ఏడుస్తూనే నవ్వింది. ఆ ఇల్లరికం ముక్క మళ్లీ చదవమంది. మూడోసారి కూడా చదివించుకుంది. భూపేష్ అందరికీ టీలు చెప్పాడు. గెలిచినవాడు చెప్పాడంటే సరే, ఓడిన పిల్లకు ఈ సంబరమేమిటో దేవేంద్రప్పకు అంతుపట్టలేదు. జాగా చేజారిపోయింది, అర్థమైందా అని అడిగాడు.

"పోతే పోనీ పెద్దాయనా," అంది సుప్రజ.

ఆమె కళ్లు తుడుచుకుని, బెంచీ అవతలి కొసకు వెళ్లి భూపేష్ పక్కన కూర్చుని, "ఇంగ వరస కలవదని మన పెండ్లికి ఎవరు అడ్డమొస్తారో చూద్దాం బావా," అంది.