డెబ్భైకి అరవై ఏడు

ముసలావిడ చేతిసంచిలోంచి ఆ వెండి డాలరు తీసి బల్ల మీద పెట్టిన క్షణంలోనే, దాన్ని కొట్టేయాలని వెండెల్ స్ట్రౌడ్ నిర్ణయించుకున్నాడు.

పైకి మాత్రం ఆవులించాడు.

కొలంబస్‌లో జరిగే నాణేల సంతలో అతనిది మూల బల్ల. నాణేన్ని చూసి గ్రేడు చెప్పడంలో ఒహాయో మొత్తానికి తనలాంటి కన్ను లేదని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ పంచిపెడుతుంటాడు.

"మా ఆయన పోతూ పోతూ ఇదొక్కటే జాగ్రత్త అన్నాడండీ," అంది ఆర్డిత్ కోల్బ్. "ఎవరో ఒకాయన ఎల్లుండి చూడ్డానికి వస్తానన్నాడు. నాకు వీటి సంగతి ఓనమాలు రావు. ఆయన చేతిలో మోసపోకూడదని ముందు మీ దగ్గరికొచ్చా."

"మంచి పని చేశారమ్మా. ఈ సంతలో దొంగలెక్కువ."

1881, శాన్‌ఫ్రాన్సిస్కో ముద్ర. అరుదైనదేం కాదు. ఆ ఏడు కోటికి పైగా కొట్టారు. ఏ బల్ల తడిమినా నాలుగు దొరుకుతాయి. ఇలాంటివాటికి ధర తెచ్చేది వయసు కాదు, ఒంటి మీద గీతలు లేకపోవడం. నల్లటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు చేసిన ఈ నాణేనికి గ్రేడులు వేసే కంపెనీ వాళ్ళు ఎప్పుడో ఇచ్చిన గ్రేడు పైన రాసి ఉంది. డెబ్భైకి అరవై నాలుగు.

వెండెల్ భూతద్దం పెట్టాడు. దీపం కింద వంచి తిప్పాడు. వెలుగు బండిచక్రం ఆకుల్లా గిర్రున తిరిగింది. నాణెం మీది లిబర్టీ దేవత చెంప మీద గీత అన్నదే లేదు.

అరవై నాలుగా? వాళ్ళ మొహం. ఇది అరవై ఏడు. అరవై నాలుగు అమ్మితే ఇద్దరు కూర్చుని మంచి భోజనం చేయొచ్చు. అరవై ఏడు అమ్మితే ఫ్లోరిడా వెళ్ళి వారం రోజులు ఇసకలో పడుకోవచ్చు.

"మామూలుదేనమ్మా," అన్నాడు నీరసంగా. "అయినా రేపటిదాకా ఉంచండి. తూకం వేసి, అసలుదో నకిలీదో తేల్చి చెబుతాను. ఊరికే."

ఆవిడ అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపి మరీ వెళ్ళింది.

పక్క బల్ల లైమన్ గాట్జ్ హాట్‌డాగ్ నములుతూ తొంగి చూశాడు. "ఏమోయ్, ఊరికే అన్నావా? ఒంట్లో బాగానే ఉందా?"

"మొగుడు పోయినావిడకి సాయం చేస్తే పుణ్యమోయ్."

"నీ పుణ్యం సంగతి నాకు కొత్తా? డబ్బా మీద అరవై నాలుగనే ఉందిగా."

"డబ్బా చదివేవాడు గుమాస్తా. నాణెం చదివేవాడు వ్యాపారి."

పథకం తేలికైనదే. అదే ఏడు, అదే ముద్ర, అదే అరవై నాలుగు గ్రేడు నాణెం ఒకటి అద్దంలాంటి కొత్త డబ్బాలో, అమ్ముడుపోక అతని దగ్గరే పడి ఉంది. 'పాత డబ్బా మసకబారింది, కొత్తదాంట్లో వేయించాను' అని దాన్ని ఆవిడ చేతిలో పెడతాడు. ఆవిడ నాణేనికి తను మళ్ళీ గ్రేడు వేయించుకుంటాడు. కంపెనీ వాళ్ళు సంతలోనే బల్ల వేసుక్కూర్చున్నారు. ఇవాళ ఇస్తే రేపటికి ఇచ్చేస్తారు.

బల్ల చాటున పటకారుతో నల్ల డబ్బా అంచు విరిచాడు. పెళుక్కుమంది. నాణేన్ని పసిపాపని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, ముక్కల్ని చెత్తబుట్టలోకి ఊడ్చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం గ్రేడు వచ్చింది.

అరవై నాలుగు.

"మీరసలు కళ్ళు తెరిచే చూశారా?" అని కంపెనీ బల్ల దగ్గర నిలదీశాడు వెండెల్.

"ముగ్గురం చూశామండీ, విడివిడిగా," అంది అక్కడి అమ్మాయి. "మీ వెనకాయనకి కాస్త దారివ్వండి."

తిరిగొచ్చేసరికి లైమన్ దగ్గరికి కబురు ముందే చేరింది. "కన్నుకేమైందోయ్? డాక్టరుకి చూపించు. గ్రేడు ఆయనే వేస్తాడు."

వెండెల్ రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. ఇప్పుడు చేతిలో రెండూ అరవై నాలుగులే. ఏది ఇచ్చినా ఒకటే. కాసేపు తూచుకుని, ఆవిడ నాణెం ఆవిడకే ఇచ్చేద్దామనుకున్నాడు. అదే నాణెం, అదే గ్రేడు, పైగా కొత్త డబ్బా, దాని ఖర్చు తనది. దొంగతనానికి వెళ్ళి దానం చేసి వస్తున్నట్టయింది. గుండెలో ఏదో వెచ్చగా అనిపించింది. నిజాయితీ అయ్యుంటుంది. అలవాటు లేక వెంటనే గుర్తుపట్టలేకపోయాడు.

సాయంత్రం ఆర్డిత్ వచ్చింది.

"ఇదుగోనమ్మా, మీ నాణెం. అచ్చంగా మీదే. ఒట్టు," అన్నాడు వెండెల్. ఆ బల్ల వెనక కూర్చుని అతను నిజం చెప్పి చాలా కాలమైంది.

ఆవిడ ముందూ వెనకా తిప్పి చూసింది. "మరి నల్ల డబ్బా?"

"పాతదమ్మా, మసకబారిపోయింది. విరగ్గొట్టి పారేశా. కొత్తదానికి నా జేబులోంచే పెట్టాను, మీరేం ఇవ్వక్కర్లేదు."

లైమన్ నమలడం ఆపాడు.

ఆర్డిత్ చేత్తో తడుముకుంటూ కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"రేపొచ్చే ఆయన రాత్రి ఫోన్ చేశాడండీ," అంది మెల్లగా. "కంపెనీ పెట్టిన కొత్తలో కొన్నాళ్ళే చేశారట ఆ నల్లవి. ఇంకా పెద్ద గ్రేడు వస్తుందన్న ఆశతో అందరూ విరగ్గొట్టేస్తే గుప్పెడు మిగిలాయట. ఆయన నాణేలు కొనడట, ఆ డబ్బాలే ఏరుకుంటాడట. దీనికి కొత్త కారు ఖరీదు ఇస్తానన్నాడు. లోపల డాలరు బదులు చొక్కా గుండీ ఉన్నా అదే ధరట."