నూట నలభై ఉత్తరాలు

"నాలుగింటికల్లా నూట నలభై ఉత్తరాలు కావాలి," అన్నాడు మేనేజరు నరసింగరావు.

పంతొమ్మిదివందల అరవై ఎనిమిది, మే నెలాఖరు. చీపురుపల్లి దగ్గరి ఆ గోగునార తాళ్ళ ఫ్యాక్టరీకి ఉన్న టైపిస్టు ఉమాపతి ఒక్కడే. నూట నలభై మందిని పనిలోంచి తీసేస్తూ ఎవరి ఉత్తరం వాళ్ళకి కొట్టాలంటే వారం పడుతుంది.

"ఒక్క నమూనా చాలండి," అన్నాడు ఉమాపతి. "పేరూ, టోకెన్ నెంబరూ ఖాళీ వదిలి మైనపు కాగితం మీద స్టెన్సిల్ కోస్తాను. కాపీలు తీసి ఖాళీలు నింపుకుంటే సరి."

"అదీ తెలివంటే! కానియ్."

గేటు బయట కేకలు. మేనేజరు కిటికీకీ బల్లకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. రిబ్బను తీసేసిన మిషను మీద ఉమాపతి కొట్టడం మొదలుపెట్టాడు. మైనపు కాగితం మీద పడిన అక్షరాలు ఒక పట్టాన కనపడవు. చెమట తుడుచుకుంటూనే పూర్తిచేశాడు.

నాలుగింటికి మేనేజరు తలెత్తకుండా సంతకాలు గిలికి పారేశాడు. పంచే పని కూడా ఉమాపతి మీదే పడింది.

తాళ్ళు పేనే సోములు తన కాగితం అందుకుని నిప్పులు కక్కాడు.

"గుమస్తా బాబూ, మా నోటికాడ కూడు నీ సేత్తోనే లాగేసినావేటి? నీ మనసెలాగొప్పిందయ్యా?"

ఉమాపతి తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వీధిలో ఎవరూ అతన్ని పలకరించలేదు. కుళాయి దగ్గర అతని భార్య కాంతం బిందెని పక్కకి నెట్టేశారు.

వానలు వెనకబట్టాక లేబర్ కోర్టులో కార్మికులు వేసిన కేసు తేలింది. జడ్జి ఉత్తరం చదివి కళ్ళజోడు తీశారు.

"జూన్ ముప్పై ఒకటి నుంచి తొలగిస్తున్నామని రాశారు. లేని తేదీన ఎవరి ఉద్యోగమూ పోదు."

నూట నలభై ఉత్తరాల్లోనూ అదే తేదీ. అందరూ మళ్ళీ పనిలోకి వచ్చారు.

ఉమాపతి ఉద్యోగం మాత్రం ఊడింది. "కళ్ళు పోయాయా? ఒక్క తప్పు నూట నలభై సార్లా!" అని మేనేజరు ఆ పూటే గెంటేశాడు.

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డ భర్తకి కాంతం మజ్జిగ తెచ్చిచ్చింది.

"ఇరవై రెండేళ్ళల్లో ఒక్క అక్షరం తప్పు కొట్టలేదే మీరు! ఆ రోజే ఏటయిందండీ ఆ వేళ్ళకి?"

ఉమాపతి గ్లాసు కింద పెట్టాడు.

"వేళ్ళు అలవాటుకొద్దీ ముప్పయ్యే కొట్టేశాయే, మేనేజరు అటు తిరిగేదాకా ఆగి దాన్ని ముప్పై ఒకటిగా దిద్దేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి."