ముందు వరసలో ముసలావిడ

"ఆ ముందు వరసలో బామ్మగారూ! ఆ ఫోను కాస్త కింద పెడతారా?"

హాలంతా ఆవిడ వైపు తిరిగింది.

మాసిన ఊదారంగు ఊలు టోపీ, ఒళ్లో గుడ్డసంచి. ఒకే వేలితో, పెదాలు కదుపుతూ, అక్షరం తర్వాత అక్షరం వెతుక్కుని నొక్కుతోంది ముసలావిడ.

"ఒక్క నిమిషం తల్లీ. అవతల పిల్ల జవాబు కోసం చూస్తోంది."

వేదిక మీద డాక్టర్ వెలిస్లావా నవ్వింది. రూసే పట్టణంలో ఆ నవ్వు తెలియనివాళ్లు లేరు. ఫోను వ్యసనం మానుకోమని ఆవిడ చెప్పే వీడియోలను బల్గేరియా అంతా ఫోన్లలోనే చూస్తుంది.

"చూశారా? రోగమంటే ఇదే. ఎవరో తమకోసం కాచుకుని ఉన్నారని భ్రమ. ఎవరూ ఉండరు బామ్మగారూ! లోపల ఖాళీగా ఉన్నవాళ్లే ఇందులో పడతారు. పనీపాటా లేనివాళ్లు, తమ మీద తమకే గౌరవం లేనివాళ్లు."

చప్పట్లు.

సహాయకుడు ప్లామెన్ కెమెరాను ముసలావిడ మొహం మీదికి తిప్పాడు. లైవ్ నడుస్తోంది. డాక్టరు బల్లమీది తెరను ఓరకంట చూసుకుంది. చూసేవాళ్ల అంకె ఎగబాకుతోంది. దాంతోపాటే ఆవిడ గొంతూ లేచింది.

"ఎవరో ఎందుకు, మా ఇంట్లోనే ఉంది ఒక రోగి. నా కూతురు. ఇరవై రెండేళ్లది. చదువు మానేసి, ఫోను పట్టుకుని మంచం మీద పడి ఉంటుంది. పిలిస్తే పలకదు. సిగ్గు లేదు."

ముసలావిడ లేచి నిలబడింది.

"డాక్టరమ్మా, మీతో ఒక్క మాట చెప్పాలి. కాస్త బయటికొస్తారా?"

"ఉపన్యాసం మధ్యలోనా?"

"తర్వాతైతే లాభం లేదమ్మా. పోనీ ఆ కెమెరా ఆపించండి. చెవిలో చెప్పి పోతాను."

"నా దగ్గర దాపరికాలు లేవు. చెప్పేదేదో అందరి ముందూ చెప్పండి. ప్లామెన్, మైకివ్వు."

ప్లామెన్ మైకు తెచ్చి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు.

ముసలావిడ మైకు వంక చూసింది. కెమెరా వంక చూసింది. తెరిచిన నోరు మూసుకుంది.

"ఏం, మాట రావడం లేదా? వేలితో నొక్కితేగానీ రాదా?"

హాలు గొల్లుమంది.

"ఇది పదిమందిలో చెప్పేది కాదమ్మా."

"అయితే బయట కూర్చుని నొక్కుకోండి. ప్లామెన్, బామ్మగారిని జాగ్రత్తగా సాగనంపు. కళ్లు ఫోన్లోనే ఉన్నాయి, తలుపుకి గుద్దుకోగలరు."

మోచెయ్యి పట్టుకుని తీసుకెళుతుంటే, ముసలావిడ గుమ్మంలో కూడా ఆగి ఏదో నొక్కింది. అదీ కెమెరాకెక్కింది.

ఉపన్యాసం ముగిసేలోపే ప్లామెన్ ఆ ముక్కను కత్తిరించి పెట్టేశాడు. డాక్టరు కారెక్కేసరికి లక్షమంది చూశారు.

"ఇప్పటిదాకా మనవాటిలో ఇదే పెద్దది మేడమ్!"

దారిపొడుగునా ఆవిడ కింది వ్యాఖ్యలు చదువుకుంటూ వెళ్లింది. 'ముసలిదానికి ఈ సరదా ఏమిటి?' 'శవపేటికలో చార్జరు కూడా పెట్టండి.' ఒక్కటీ వదలకుండా అన్నింటికీ ఎర్ర గుండె బొమ్మ నొక్కింది.

ఇంట్లో కూతురు రాలీత్స గది తలుపు బార్లా తీసి ఉంది.

మంచం సర్ది ఉంది. బట్టల అల్మరా ఖాళీ. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఎదురు వాటా ఆవిడ చప్పుడు విని బయటికొచ్చింది.

"మీ అమ్మాయి మధ్యాహ్నమే పెట్టె పట్టుకుని బస్ స్టేషన్ వైపు వెళ్లిందండీ. మీకు తెలుసనుకున్నానే!"

డాక్టరు వెళ్లేసరికి సోఫియా బస్సు వెళ్లిపోయింది. ఖాళీ బెంచీ మీద ఆ ముసలావిడ ఒక్కతే కూర్చుని ఉంది.

"మీరా! ఇక్కడ... నా కూతుర్ని చూశారా?"

"ఇప్పుడే ఎక్కించాను. దారిలో తింటుందని జున్ను పెట్టి కాల్చిన బానిత్స రొట్టె చుట్టిచ్చాను."

"అక్కడ ఎవరి దగ్గరికి వెళ్లింది?"

"చెప్పొద్దంది."

"హాల్లో నా ఎదురుగా నిలబడ్డారు కదండీ! ఒక్క మాట అనలేకపోయారా?"

"అక్కడ ఎలా అంటానమ్మా? 'అమ్మ కెమెరా లేకుండా ఒక్కతే వస్తే ఆగిపోతాను. జనంలో మాత్రం నా పేరెత్తొద్దు' అంది పిల్ల. మీ ముందు కూర్చుని 'వస్తుందిలే, తీసుకొస్తాలే' అని నొక్కుతూనే ఉన్నాను. ఇక్కడికొచ్చాకా అదే చెప్పాను. ఒక బస్సు వదిలేసింది కూడా."

డాక్టరు బెంచీ మీద కూలబడింది. చేతిలో ఫోను గుయ్‌మంది. ఆ స్థితిలోనూ ఆవిడ కళ్లు తెర మీదికే పోయాయి. రెండు లక్షలు దాటింది.

"అది రోజంతా ఫోన్లో మీతోనేనా? అంత ఏం మాట్లాడుకునేవారు?"

"ఏముంటాయమ్మా మాకు! నిద్ర పట్టిందా అంటాను. వేడిగా సూపేమన్నా తాగావా అంటాను. ఈ వేలితో ఒక మాట కొట్టేసరికి నాకు తెల్లారిపోతుంది. పాపం, అంతసేపూ కాచుకుని కూర్చునేది."

"అసలు మీరెవరు? మా అమ్మాయి మీకెలా తెలుసు?"

"మీ వల్లే తెలిసింది." ముసలావిడ సంచి భుజాన వేసుకుని లేచింది.

రెండేళ్ల కిందట, గోడవైపు తిరిగి ముడుచుకు పడుకున్న కూతుర్ని చాటుగా వీడియో తీసి డాక్టరు లోకానికి చూపించిన రోజున, వేలమంది పగలబడి నవ్విన ఆ వీడియో కింద, 'పిల్లకి ఒంట్లో బాగాలేదేమో, కాస్త చూడండమ్మా' అని రాసిన ఒకే ఒక్క మనిషి ఆవిడ.