టొమాటోకి టొమాటో పడదు

“మా ఆయన్ని ఈ టొమాటోలోంచి బయటికి తియ్యండి!”

సూపర్‌మార్కెట్ గుమ్మంలో ఆమె పెట్టిన కేకకి సామాన్ల బండి తోస్తున్నవాళ్లు, బిల్లు కడుతున్నవాళ్లు అందరూ తలలు తిప్పారు. ఆమె వేలు చూపిస్తున్న చోట, టొమాటోల గంప పక్కన, మనిషంత ఎత్తున ఎర్రటి గుడ్డ టొమాటో ఒకటి నిలబడి ఉంది. కింద రెండు కాళ్లు, పక్కన రెండు చేతులు, మొహం దగ్గర చిన్న జాలీ. వచ్చేపోయే పిల్లలకి చేతులూపడం, గెంతడం దాని ఉద్యోగం. మధ్యమధ్య చేతులు లోపలికి లాక్కుని గోక్కునేది. అప్పుడు టొమాటో అంతా గజగజా వణికేది. పిల్లలు అదీ డాన్సే అనుకుని చప్పట్లు కొట్టేవాళ్లు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. “ఏమైందమ్మా?”

“ఏమవ్వాలండీ ఇంకా? ఈయనకి ఎగ్జిమా. మెడ మీదా, మోచేతుల మడతల్లోనూ ఒకటే దురద. కొంతమందికి టొమాటో, వంకాయ, బంగాళాదుంప, క్యాప్సికమ్ పడకపోవచ్చు, కొన్నాళ్లు మానేసి చూడమన్నాడు డాక్టరు. ఇంట్లో వాటి ఊసే లేకుండా చేశాను. ఈయన కోసం నేనూ, పిల్లలూ కూడా నోరు కట్టుకున్నాం. అయినా తగ్గదే! మరి ఎక్కణ్ణుంచి వస్తోందీ రోగం? ఇదిగో, ఇక్కణ్ణుంచి!”

“ఇది గుడ్డమ్మా. లోపల స్పాంజి. కూరగాయ కాదు.”

“మనిషి టొమాటోని మింగితేనే అంత దురద పుడుతుంటే, టొమాటోనే మనిషిని మింగితే ఎంత పుట్టాలండీ?”

క్యూలో ఉన్న ముసలాయన “నిజమే కదా” అన్నాడు.

“నేను రాను,” అంది టొమాటో.

అందరూ అటు తిరిగారు.

“ఈ టొమాటో అంటే నాకు ప్రాణం. పిల్లలు నన్ను చూడ్డానికే వస్తారు. దురదదేముంది, గోక్కుంటే పోతుంది. నేను మాత్రం ఇందులోంచి రాను.”

పని మీద ఇంత ప్రేమ ఉన్న మనిషిని మేనేజరు తన సర్వీసులో చూడలేదు. ఆయన కళ్లు చెమర్చాయి. ఆమె కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి.

“రక్తం వచ్చేలా గోక్కుంటున్నారు, రాత్రిళ్లు నిద్ర లేదు, ఇంకా ప్రాణమట ప్రాణం! ఈ వేషమైనా మార్పించండి, లేదా ఈ క్షణమే ఉద్యోగం మాన్పించి తీసుకుపోతాను.”

“ఆగండమ్మా, ఆగండి!” అన్నాడు మేనేజరు. అలా గెంతే మనిషి మళ్లీ ఎక్కడ దొరుకుతాడు? గబగబా గోదాములోకి వెళ్లి వంకాయ వేషం భుజాన వేసుకొచ్చాడు.

“వంకాయా? డాక్టరు చెప్పినవాటిలో అది రెండోదండీ!”

ఆ చేత్తోనే బంగాళాదుంప తెచ్చాడు. “అది నాకు సరే సార్, లోపల విశాలంగా ఉంటుంది,” అంది టొమాటో ఆశగా. ఆమె ఒక్క చూపు చూసింది. బంగాళాదుంప వెనక్కి వెళ్లిపోయింది. దాని వెనకే క్యాప్సికమ్ కూడా వెళ్లిపోయింది.

“మీ కొట్లో ఉన్నవన్నీ మా ఆయన మీద పగబట్టినవేనా?”

చివరికి గోదాములో అట్టపెట్టెల అడుగున కీరదోసకాయ వేషం దొరికింది. పొడుగ్గా, సన్నగా, గొట్టంలా ఉంది. వేసుకుంటే చేతులు రెండూ ఒంటికి అతుక్కుపోయి, అరచేతులు మాత్రం బయట ఆడతాయి.

“ఇందులో చేతులు లోపలికి రావు సార్! గోక్కోవడం కుదరదు!” అని మొత్తుకున్నాడతను.

“మాకు కావలసిందీ అదే,” అంటూ ఆమె దగ్గరుండి జిప్పు లాగింది.

వారం తిరిగేసరికి మెడ నున్నబడింది. మోచేతుల మడతలు ఆరిపోయాయి. ఆమె స్వీట్ల డబ్బాతో వచ్చి కొట్టంతా పంచింది.

“గుడ్డేనన్నారు, స్పాంజేనన్నారు. ఇప్పుడేమంటారు?”

“ఏమంటానమ్మా, మీకు దండం పెడతాను,” అన్నాడు మేనేజరు. ఆనాటి ముసలాయన అయితే ఇంట్లో టొమాటో బొమ్మలున్న కర్టెన్లు కూడా పీకించేశాడట.

సంతోషం లేనిది కీరదోసకాయకొక్కదానికే. ఎండలో మర్చిపోయినట్టు వాడిపోయి గుమ్మంలో నిలబడింది. గెంతు లేదు, వణుకు లేదు. “టొమాటో ఏదీ?” అని పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. కానీ ఆ వేషం ముట్టుకోవడానికి కొట్లో ఒక్కరూ ముందుకు రాలేదు. అందరికీ ఎగ్జిమా అంటే హడలే.

“నేనున్నాను,” అన్నాడు మేనేజరు చొక్కా చేతులు మడుస్తూ. “నాకు ఎగ్జిమా లేదు, టొమాటోలు శుభ్రంగా పడతాయి. నాకేం భయం?”

“వద్దు సార్! అందులోకి వెళ్లకండి సార్!” కీరదోసకాయ చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ అడ్డం వచ్చింది. “కావాలంటే నేనే మళ్లీ వేసుకుంటాను! మీకేమైనా అయితే నేను తట్టుకోలేను సార్!”

“చూశారా అమ్మా, నేనంటే ఎంత అభిమానమో!” అంటూ మేనేజరు టొమాటోలోకి దూరాడు. ఆమే జిప్పు లాగింది. పిల్లలు ఈలలు వేశారు.

టొమాటో ఒక గెంతు గెంతింది. రెండోది గెంతబోయి ఆగింది. చేతులు రెండూ లోపలికి వెళ్లాయి. లోపల ఏదో తడుముకుంటున్న చప్పుడైంది. కాసేపటికి జాలీలోంచి మేనేజరు గొంతు వినిపించింది.

“అమ్మా, ఇందులో ఎవరో జేబు కుట్టుకున్నారు... ఒక చాకు, ఉప్పూకారం పొట్లం, గుప్పెడు టొమాటో తొడిమలు ఉన్నాయి!”