సర్వీసు స్టిక్కర్

మధ్యాహ్నం సెల్లార్‌లోకి దిగిన పళ్ళ డాక్టరుకి తన కారు బానెట్ ఎత్తి ఉండటం కనిపించింది.

పార్కింగ్ చూసుకునే పెద్దాయన లోపలికి వంగి ఉన్నాడు. చేతులు మణికట్ల దాకా నల్లగా ఉన్నాయి.

“ఏం చేస్తున్నారు?”

పెద్దాయన ఉలిక్కిపడి చేతిలోని డబ్బా వెనక్కి దాచుకున్నాడు.

“ఆయిల్ చూస్తున్నానమ్మా.”

“చూడమని ఎవరు చెప్పారు?”

పెద్దాయన బానెట్ దించాడు. నేలచూపులు చూస్తూ, “ఒకసారి మెకానిక్‌ని మార్చి చూడండమ్మా,” అన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. బళ్ళు అటూ ఇటూ జరపడానికని రెండేళ్ళుగా తాళంచెవి ఈయన చేతిలోనే పెట్టి పైకి వెళ్తోంది.

ఆరునెలలకోసారి పళ్ళు చూపించుకోమని అందరికీ చెప్పే మనిషి ఆమె. కారు విషయంలోనూ అంతే. ఐదువేల కిలోమీటర్లు తిరగ్గానే షెడ్డుకి పంపేది. ఎనిమిదేళ్ళుగా ఒకటే షెడ్డు, ఒకడే మెకానిక్. ఆ నమ్మకంతోనే అదే భవనంలో పనిచేసే మరో పదిమందిని కూడా అక్కడికి పంపింది.

అక్కడే నిలబడి మెకానిక్‌కి ఫోన్ చేసింది.

“మొన్ననే కదా చెల్లెమ్మా మార్చాను. అద్దం మీద స్టిక్కరుంది చూడు,” అన్నాడతను. “పార్కింగుల్లో కొంతమందికి ఇదే పని. మంచి పార్టు లాగేసి పాతది బిగిస్తారు. తాళం చేతికివ్వకు.”

ఆమె భవనం ఆఫీసులో చెప్పడంతో గంటలో పెద్దాయన ఉద్యోగం పోయింది.

వెళ్తూ వెళ్తూ ఆమె తాళంచెవిని చొక్కా అంచుకి తుడిచి ఇచ్చాడు.

“వారానికోసారి ఆయిల్ గేజీ కడ్డీ తీసి చూసుకోండమ్మా.”

ఆమె ముఖం తిప్పుకుంది.

మూడు నెలలకి కారు ఫ్లైఓవర్ మీద ఒక్క కుదుపుతో ఆగిపోయింది. దగ్గర్లో ఉన్న వేరే షెడ్డుకి లాక్కెళ్ళారు.

“ఇంజన్ పట్టేసింది,” అన్నాడు అక్కడి మేస్త్రీ. “ఆయిల్ మార్చి ఎన్నేళ్ళయిందమ్మా?”

“ఏళ్ళేమిటి? స్టిక్కర్ చూడండి.”

“స్టిక్కరే మార్చారు.”

ఆయన ఫిల్టర్ విప్పి చూపించాడు. దాని మీది తారీఖు నాలుగేళ్ళ కిందటిది. లోపలంతా తారులాంటి మడ్డి.

“ఇన్నాళ్ళు ఎలా నడిచిందా అనుకుంటున్నాను. మధ్యమధ్యలో ఎవరో కొత్త ఆయిల్ పోస్తూ వచ్చుండాలి. ఈమధ్యే మానేసినట్టున్నారు.”



ఆమె అక్కడినుంచే ఫోన్ చేస్తే, “ఆయిల్లోనే కల్తీ ఉందేమో చెల్లెమ్మా,” అన్నాడు పాత మెకానిక్. గొంతు కూడా తడబడలేదు.

ఎనిమిదేళ్ళుగా ఆ పిలుపుకే కరిగిపోయింది. ఒక్కనాడూ బానెట్ ఎత్తి చూసుకోలేదు. ఫోన్ పెట్టేసింది.

భవనం ఆఫీసులో పెద్దాయన అడ్రసు తీసుకుని మర్నాడే వెళ్ళింది. మేడ మీద ఒంటిగది. ఇంటావిడ ఊడుస్తోంది.

“మొన్ననే ఖాళీ చేశాడమ్మా. దొంగన్న పేరొచ్చాక ఎవరూ పనిలోకి పెట్టుకోలేదు. ఎక్కడికెళ్ళాడో చెప్పనైనా చెప్పలేదు.”

గోడవారన ఖాళీ ఆయిల్ డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద సుద్దతో ఒక్కో కారు నంబరు.

మొదటిది ఆమెదే. మిగతావీ ఆమె ఎరిగినవే, తను షెడ్డుకి పంపిన ఆ పదిమందివీ.

“జీతమంతా వీటికే తగలేసేవాడు,” అంది ఇంటావిడ.

“ఎందుకు? ఆయనకేం సంబంధం?”

ఇంటావిడ చీపురు గోడకి ఆనించింది.

“ఇవన్నీ తన కొడుకు షెడ్డులో సర్వీసైన బళ్ళటమ్మా. వాడు పొయ్యనిది నేనైనా పొయ్యాలి కదా అనేవాడు.”